చెయ్యి తీసేస్తే ఆగే పడవ

ప్రియమైన మరదలు పిల్లకి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాల పిచ్చేంటి వదినా అని నవ్వుతావు, తెలుసు. నీ ఫోనొస్తే చాలు, మీ అన్నయ్య వచ్చి పక్కన బల్లిలా అతుక్కుపోతారు. ఆయన గురించిన గోడు ఆయన ముందే ఎలా వెళ్ళబోసుకోను? అందుకే కొట్లో కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. నువ్వు కూడా జవాబు కొట్టుకే రాయి, ఇంటికి రాశావంటే నీకూ నాకూ పచ్చి.

సంగతేంటంటే, పార్కులో మన పడవల క్లబ్బు పందేలు పెట్టుకునే కొలను మన చేతుల్లోంచి పోయేలా ఉంది. పోయిన సీజన్లో పళ్ళ డాక్టరు గారి పడవ గట్టెక్కిన కథ నీకు చెప్పానుగా. రిమోట్‌తో నడిచే పడవంటే అందరూ పిల్లల బొమ్మనుకుంటారు. దాని వెనకాల గిర్రున తిరిగే రెక్కని చూస్తే తెలుస్తుంది, నా కత్తెర దాని ముందు దిగదుడుపు. ఆ రోజు అది గడ్డి కోసుకుంటూ వచ్చి బెంచీ కింద పెట్టుకున్న నా టిఫిన్ డబ్బాని గుద్దింది. డబ్బాకి పడిన సొట్ట నా కాలికి పడాల్సింది. డాక్టరు గారు పరిగెత్తుకొచ్చి ముందు పడవని ఎత్తుకుని ముద్దాడారు, తర్వాత నన్ను పలకరించారు. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

ఆ డబ్బా దెబ్బకి ఇన్సూరెన్స్ వాళ్ళు ఉలిక్కిపడ్డారు. పాత పాలసీ అయిపోయింది, కొత్తది ఇవ్వాలంటే సీజన్ మొదటి పందేనికి వాళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి కళ్ళారా చూసి సరే అనాలట. అప్పటిదాకా ఆ ఒక్క పందేనికే తాత్కాలికంగా ఒప్పుకున్నారు. ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే కొలన్లో చెప్పు కూడా తేలనివ్వమని పార్కు ఆఫీసు వాళ్ళు తెగేసి చెప్పారు.

క్లబ్బు పెద్ద మన రిటైర్డ్ పోస్టుమాస్టరు గారే కదా. మీటింగు పెట్టి, భద్రత చూసుకునే మనిషి ఒకరు కావాలి, ఎవరుంటారు అన్నారు. అందరూ చెప్పుల వంక చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను. మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుని కిందకి లాగబోయారు. అప్పుడు రెండో చెయ్యి కూడా ఎత్తాను.

నిజం చెప్పనా? మీ అన్నయ్య పడవని నా సవతి అని ఎన్నిసార్లు ఆడిపోసుకున్నా, వారమంతా లిఫ్టుల గుంటల్లో గ్రీజు పూసుకుని బతికే మనిషి ఆదివారం ఆ గట్టు మీద నిలబడితే ఎలా వెలిగిపోతారో నువ్వు చూశావు. ఆ వెలుగు పోతుందంటే నాకు దిగులుగా ఉంది. నువ్వు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేదానివి. వచ్చే మనిషి ఏం చూస్తాడో, నేనేం చెయ్యాలో రాయి.

నీ కోసం ఎప్పుడూ ఎదురుచూసే,
వదిన

*

ప్రియమైన వదినకి, అలియాస్ విజిలమ్మకి,

విజిల్ కొనుక్కున్నావని నువ్వు రాయలేదు. అన్నయ్య ఫోన్ చేసి ఏడ్చాడు. "మీ వదిన కొత్త చీర కొనుక్కున్నప్పుడు కూడా ఇంత మురిసిపోలేదే" అన్నాడు. నేను చాలా జాలి పడినట్టు నటించి, ఫోన్ పెట్టేసి పడీ పడీ నవ్వాను.

ముందు ఒక మాట. మీ పాలసీ మా కంపెనీదే, కానీ వేరే బ్రాంచి. మా వాళ్ళే, కాస్త చూసీ చూడనట్టు పొండి అని నేను ఎవరి చెవిలోనూ వెయ్యను, అడక్కు. అడగవని కూడా తెలుసు. అన్నయ్య మాత్రం అడిగాడు. చీవాట్లు తిన్నాడు.

మా మేనేజరు దగ్గర ఊరికే కదిపి చూశాను. బొమ్మ పడవలకి ఇన్సూరెన్సా అని నవ్వాడు. నీ డబ్బా సొట్ట గురించి చెప్పాక నవ్వు ఆపేశాడు. వచ్చేవాళ్ళు చూసేది పెద్దగా ఏమీ ఉండదు వదినా. పందెం చూడ్డానికి వచ్చినవాళ్ళు గట్టు మీద కట్టిన తాడు వెనకాల ఉన్నారా, ఆగిపోయిన పడవని తేవడానికి ఎవరైనా మిగతా పడవలు తిరుగుతుండగానే నీళ్ళలోకి దిగుతున్నారా, దిగేవాడికి లైఫ్ జాకెట్ ఉందా, ఇలాంటివి. కానీ వీటన్నిటికంటే పైన ఒకటుంది. కార్లైనా, క్రేన్లైనా, మేం పైకి అడిగినా అడక్కపోయినా మా మనసులో ఉండే ప్రశ్న అదొక్కటే. నడిపేవాడు చెయ్యి తీసేస్తే ఏమవుతుంది?

మీ పడవలకి రిమోట్ మాట వినపడకపోతే అవేం చేస్తాయో కనుక్కో. దాన్నించే మొదలుపెట్టు.

ఇక్కడ నా సంగతులు మామూలే. మా హాస్టల్ గదిలో ఫ్యాను తిరిగితే చప్పుడు, తిరక్కపోతే ఉక్క. నీ చేత్తో కుట్టిన ఆ నీలం డ్రెస్సు చూసి ఆఫీసులో అందరూ ఎక్కడ కొన్నావని అడుగుతున్నారు. చెప్పను, గొప్ప కోసం దాచుకున్నాను.

నీ విజిల్‌కి వీరాభిమాని,
మరదలు

*

ప్రియమైన మరదలు పిల్లకి,

యుద్ధం మొదలైంది. నీ ప్రశ్నే నిప్పు పెట్టింది.

పడవకి ముందే చెప్పి పెట్టొచ్చట. రిమోట్ మాట వినపడకపోతే ఆగిపో అని చెప్పొచ్చు, లేదా చివరిసారి చెప్పింది చేస్తూనే ఉండు అని చెప్పొచ్చు. మొదటిది పెట్టడం మర్యాద. రెండోది పెడితే పందెంలో లాభం. మలుపు తిరిగేటప్పుడు సిగ్నల్ ఒక్క క్షణం తడబడినా వేగం తగ్గదు. డాక్టరు గారి పడవ గట్టెందుకు ఎక్కిందో ఇప్పుడర్థమైందా? రిమోట్ మాట పోయింది, అది చివరగా విన్న మాట "దూసుకుపో". పాపం, చెప్పిన మాట విన్నది.

పోయిన ఆదివారం సాధనకి అందరూ వచ్చినప్పుడు బల్ల వేసి, దాని మీద నా సొట్ట డబ్బా పెట్టి, పక్కన కూర్చున్నాను. ప్రతి పడవనీ స్టాండు మీద పెట్టించి, రెక్క తిప్పమని, తిరుగుతుండగానే రిమోట్ ఆపెయ్యమన్నాను. రెక్క ఆగితే పసుపు టేపు ముక్క అంటిస్తాను, ఆ టేపు ఉంటేనే నీళ్ళలోకి. ఆగకపోతే ఇంటికి. సగానికి సగం ఆగలేదు. డాక్టరు గారిది ఆగింది. ఆయనకి ఆ దెబ్బతో బుద్ధొచ్చింది.

ఆగని వాటిలో మొదటిది ఎవరిదో ఊహించు. స్టాండు మీద నా సవతి, రిమోట్ ఆపేసినా, నన్ను వెక్కిరిస్తున్నట్టు గుయ్యిమని తిరుగుతూనే ఉంది. ఇంకా ఘోరం విను. ఈ కిటుకు అందరికీ నేర్పిన గురువుగారు కూడా ఈయనేనట!

"టేపు అంటించు" అన్నారు మెల్లగా, పక్కవాళ్ళకి వినపడకుండా.

"ఆగలేదుగా."

"అది ఆగకూడదనే కదా అలా పెట్టింది. పదేళ్ళ అనుభవం ఉంది నాకు. నా చేతిలోంచి పడవ ఎప్పుడైనా జారిందా?"

"ఇంతవరకూ జారలేదు."

"మరి?"

"మరేముంది, ఆగలేదు. పక్కకి తప్పుకోండి, వెనక లైను ఉంది."

అందరి ముందూ అనేశాను. ఆయన ముఖం మాడిపోయింది. అప్పటినుంచి ఇంట్లో మాటల్లేవు. ఉప్పు కావాలన్నా గోడకి చెప్తున్నారు. నిన్న పోస్టుమాస్టరు గారు కొట్టుకొచ్చి, పరీక్ష తప్పిన పడవల వాళ్ళంతా కలిసి నన్ను తీసెయ్యాలని కాగితం రాసి సంతకాలు పెడుతున్నారని చెప్పారు. "మీ ఆయన సంతకం పెట్టలేదమ్మా, అలాగని వద్దనీ అనలేదు" అన్నారు.

ఆ రెండో మాట గుచ్చుకుంది. ఆయన మీద కోపం కంటే నామీద అనుమానమే ఎక్కువగా ఉంది. పడవ పట్టుకోవడం కూడా రాని దాన్ని, పదేళ్ళుగా నడిపిన వాళ్ళకి చెప్పేదాన్నా? పందెం దగ్గర పడుతోంది. ఆయనే ఆగని పడవతో వస్తే మిగతావాళ్ళంతా ఆయన వెనకే వస్తారు, నేను ఆపితే పందెమే ఉండదు, ఆపకపోతే కొలనే ఉండదు. ఏం చెయ్యను, చెప్పు.

నీ
వదిన

*

ప్రియమైన వదినా,

నువ్వు చేసింది రైటు. ఇక అనుమానం కట్టిపెట్టు.

అన్నయ్యతో వాదించకు, వాదనలో వాడిని మా నాన్న కూడా గెలవలేదు. ఒక కథ గుర్తు చెయ్యి. వాడు నీకెప్పుడూ చెప్పి ఉండడు.

నాకు అయిదారేళ్ళప్పుడు మేముండే బిల్డింగులో లిఫ్టు ఉండేది, పాతది, మూలిగేది. ఒకరోజు నేనొక్కదాన్నే ఎక్కాను. మధ్యలో పైన ఏదో తెగిన చప్పుడు, కాళ్ళ కింద నేల జారినట్టయింది, వెంటనే గట్టిగా ఆగింది. లైటు కూడా పోయింది. నేను ఏడ్చిన ఏడుపుకి అన్నయ్య మెట్లెక్కి వచ్చి, తలుపు సందుకి నోరు పెట్టి, మెకానిక్ వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో గుర్తులేదు. ఒక్క క్షణం కూడా ఆపలేదని మాత్రం గుర్తుంది. నన్ను బయటికి తీశాక ఆ మెకానిక్, తాడు తెగినా పట్టాల్ని కరిచి పట్టుకునే ఒక ఇనప ముక్కని అన్నయ్యకి చూపించాడు. "ఇది పట్టుకుంది కాబట్టి నీ చెల్లి ఉంది" అన్నాడు. అన్నయ్య లిఫ్టుల పనిలోకి ఎందుకెళ్ళాడని అందరూ ఏదేదో అంటారు. నాకు తెలిసి ఇందుకే.

అందుకని, వాడిని ఒక్క మాట అడుగు. తాడు తెగితే లిఫ్టు ఏం చెయ్యాలి? ఆగిపోవాలా, చివరగా చెప్పిన అంతస్తుకి పోతూనే ఉండాలా? జవాబు నీకు చెప్పక్కర్లేదు, చెల్లెలికి చెప్పమందని అను.

ఈ ఉత్తరం రాస్తుంటే నాకు మళ్ళీ ఆ తలుపు సందులో వాడి గొంతు వినపడింది. కాస్త ఏడ్చాను కూడా. నవ్వకు.

ప్రేమతో,
నీ మరదలు

*

బంగారు మరదలికి,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టుకుని ఉంటావు. రాసేంత తీరిక లేదు, రాయడానికి ధైర్యమూ లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. కుదురుగా కూర్చుని చదువు.

నువ్వు చెప్పినట్టే అడిగాను, భోజనం దగ్గర. "మీ చెల్లెలు ఒక మాట అడగమంది" అంటే తల ఎత్తారు. అడిగాను. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అది చెప్పిందా నీకు?" అన్నారు. చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి పోయి, నా సవతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను లోపలికి తొంగి చూడలేదు, చూడాలని ప్రాణం కొట్టుకున్నా.

పందెం రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టరు మగమనిషి అనుకున్నానా, ఒక అమ్మాయి దిగింది, మెడలో కెమెరా, కాళ్ళకి తెల్లటి బూట్లు. రాగానే నన్ను పలకరించి, ఫొటోల కోసం తిన్నగా తాడు దాటి గట్టంచుకి వెళ్ళిపోయింది. అప్పటికే, పోయినసారి టేపు పడ్డ ఒకాయన పడవ నీళ్ళలో తిరుగుతోంది. నా నోట్లో విజిల్ నా మాట వినలేదు. చెవులు చిల్లులు పడేలా ఊదేశాను. ఆవిడ అదిరిపడి వెనక్కి తిరిగింది.

"అమ్మా, తాడు వెనకాలే ఉండాలి."

"నేను ఇన్‌స్పెక్షన్‌కి వచ్చానండీ."

"పడవకి ఆ సంగతి తెలీదు కదమ్మా" అన్నాను.

పోస్టుమాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. ఆవిడ వెనక్కొచ్చి తాడు అవతల నిలబడి ఏదో రాసుకుంది. కొలను పోయింది, నా చేతులారా పోగొట్టాను అనుకున్నాను.

పరీక్ష బల్ల దగ్గరికి మిగతావాళ్ళెవరూ రావడం లేదు. అందరూ గుంపుగా దూరంగా నిలబడి మీ అన్నయ్య వంక చూస్తున్నారు. ఆయన ఏం చేస్తే అదే చేద్దామని. అప్పుడు ఆయన నా సవతిని రెండు చేతులతో మోసుకుంటూ వచ్చి స్టాండు మీద పెట్టారు. రెక్క తిప్పారు. గుయ్యిమంది. నా వైపు చూసి రిమోట్ ఆపేశారు.

ఆగింది మరదలా! టేపు కత్తిరించబోతే కత్తెర వంకరగా పోయింది. రోజూ గజాల కొద్దీ గుడ్డ కత్తిరించే చెయ్యి! ఆయనే టేపు పట్టుకుని సాయం చేశారు. "ఇది మా చెల్లెలికి జవాబు, నీక్కాదు" అన్నారు. ఆ వెనకాలే లైను కట్టారు అందరూ.

ఇక అసలు పందెం. ఈ పడవల పందెగాళ్ళకి ఒక పిచ్చి ఉంది, గెలుస్తున్న రోజు రిమోట్‌లో బ్యాటరీ మార్చరు. మారిస్తే అదృష్టం పోతుందట. మీ అన్నయ్య పొద్దున్నించీ అన్నీ గెలుస్తున్నారు. ఆఖరి పందెంలోకి వచ్చేసరికి రిమోట్ కీచు కీచుమని అరుస్తోంది, బ్యాటరీ మార్చవయ్యా మహానుభావా అని. వింటేగా! రూల్సులో బ్యాటరీ గురించి రాయలేదే అని నేను తల కొట్టుకున్నాను.

ఆఖరి చుట్టు. ఆయనే ముందు, డాక్టరు గారిది వెనకాలే. పడవ ఇన్‌స్పెక్టరమ్మ నిలబడ్డ వైపు నీళ్ళని చీల్చుకుంటూ దూసుకొస్తోంది. మలుపు తిరగాలి. తిరగలేదు. కీచుమనే చప్పుడు ఆగిపోయింది, మీ అన్నయ్య చేతిలో రిమోట్ నిద్రపోయింది. ఆయన వేళ్ళతో తెగ నొక్కుతున్నారు. గట్టు మీద తాడు వెనకాల ఆవిడ, ఆవిడ పక్కన పిల్లలు. నా సొట్ట డబ్బా నా కళ్ళ ముందు తిరిగింది.

పడవ ముక్కు దించేసింది. అలిగిన పిల్ల నేల మీద కూర్చున్నట్టు నీళ్ళలో చతికిలబడి, తేలుతూ తేలుతూ వచ్చి, గట్టుని ముక్కుతో ముట్టుకుని ఊరుకుంది. అంతే.

వెంటనే మీ అన్నయ్య అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఆగింది! ఆగిందీ!" పడవ ఆగితే మిగతావాళ్ళకి వినపడేలా అరవాలని నేను పెట్టిన రూలే కదా, అందుకే అరుస్తున్నారనుకుని అందరూ తమ పడవల్ని పక్కకి తిప్పుకున్నారు. రూలు కోసం కాదు. చూస్తే ఆయన రెండు చేతులూ పైకెత్తి గెంతుతున్నారు. డాక్టరు గారు గెలిచి, నేను గెలిచాను నేను గెలిచాను అంటున్నా పట్టించుకునే నాథుడు లేడు.

పడవలన్నీ ఆగాకే లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి చిన్న దోనెలో వెళ్ళి నా సవతిని తెచ్చాడు. ఇన్‌స్పెక్టరమ్మ అదంతా చూసి, మా దగ్గరికొచ్చి, కనుబొమ్మలు ముడిచింది.

"చాలా బాగుందండీ. మరీ బాగుంది. సరిగ్గా నేను నిలబడ్డ చోటే, ఆఖరి చుట్టులోనే! నాకు చూపించడానికి ముందే అనుకుని ఆపారా?"

ఏం చెప్పి నమ్మించాలి? ఇంతలో మీ అన్నయ్య ఎర్రగా కందిపోయి ముందుకొచ్చారు.

"ఏమన్నారూ? నేను కావాలని ఓడిపోయానా? నేనా? అదీ ఈ పళ్ళాయన చేతిలోనా?"

క్లబ్బు క్లబ్బంతా పగలబడి నవ్వింది. పోస్టుమాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మా, ఈయన మా మనవడితో పాము నిచ్చెన ఆడి కూడా ఓడిపోడు. పాము మింగినా ఒప్పుకోడు" అన్నారు. ఆవిడ మీ అన్నయ్య ముఖం వంక చూసింది, ఆ ముఖంలో నాటకం వెతికినా దొరకదు. చివరికి తనూ నవ్వేసింది. వెళ్తూ వెళ్తూ బల్ల మీద డబ్బా ఎందుకుందని అడిగితే చెప్పాను. దాని ఫొటో కూడా తీసుకుంది.

ఇంకా జవాబు రాలేదు. రాకపోయినా ఈ రాత్రి నాకు నిద్ర పడుతుంది. ఇంటికొచ్చే దారిలో మీ అన్నయ్య, "వాళ్ళు నిన్ను తీసెయ్యాలన్నప్పుడు వద్దనాల్సింది. అనలేదు. తప్పు నాదే" అన్నారు. గోడకి కాదు, నాకే చెప్పారు.

నీ
విజిలమ్మ

*

ప్రియాతిప్రియమైన వదినా,

నీ ఉత్తరం బస్సులో చదివి, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

ఇప్పుడు నా వంతు. పెద్దాఫీసులో మీటింగుకి వెళ్ళాను. భోజనాల దగ్గర వేరే బ్రాంచి అమ్మాయి ఒకతి నా ఎదురుగా కూర్చుని అందరికీ కథ చెప్తోంది. "ఒక టైలరమ్మ నన్ను విజిలేసి తాడు వెనక్కి తోలిందండీ! సొంత మొగుడి పడవకే పరీక్ష పెట్టింది. ఆ మొగుడు ఓడిపోయి గెంతుతున్నాడు!" అందరూ నవ్వుతున్నారు. నేను ముద్ద మింగలేక, నోరు విప్పలేక, ఉబ్బి తబ్బిబ్బయిపోయి కూర్చున్నాను. ఆ టైలరమ్మ మా వదిన, ఆ గెంతినవాడు మా అన్నయ్య అని అరవాలనిపించింది. కాగితం మీద సంతకం పడేదాకా నోరు కుట్టేసుకున్నాను.

నిన్న పడింది. ఈ సీజనంతటికీ పాలసీ ఇచ్చారు! పాలసీ కాగితం మీ పోస్టుమాస్టరు గారికి వేరే వస్తుంది. ఆ అమ్మాయి తన రిపోర్టులో ఏం రాసిందో తర్వాత నాకు చెప్పింది. "నన్ను కూడా వెనక్కి పంపారు, అందుకే నమ్ముతున్నాను" అని రాసిందట. వేరే క్లబ్బుల వాళ్ళకి కూడా నీ పసుపు టేపు పద్ధతి చూపిస్తుందట.

అప్పుడు చెప్పాను, ఆవిడ మా వదిన అని. ఆ అమ్మాయి నోరు తెరిచింది, మూయడానికి చాలాసేపు పట్టింది.

అన్నయ్యకి చెప్పు, జవాబు అందిందని. తలుపు సందులోంచి అందినంత స్పష్టంగా అందిందని.

గర్వంతో,
నీ మరదలు

*

ప్రియమైన మరదలు పిల్లకి,

పాలసీ కాగితాన్ని పోస్టుమాస్టరు గారు ఫ్రేము కట్టించారు. కొలను మనదే.

ఇంకో వార్త. పాలసీ వచ్చిన రోజే మీ అన్నయ్య నా ముందుకొచ్చి చెయ్యి చాపారు. "విజిల్ ఇవ్వు" అన్నారు. నా ఉద్యోగం ఊడిందా అంటే, "నాకివ్వు. లిఫ్టులవాణ్ణి, ఆపడం నా పని. నువ్వు నడుపు" అన్నారు. మూడు నెలలు నేర్పారు. మనిషి ఎంత విసుక్కుంటారో నీకు తెలుసు, కానీ ఒక్కసారి కూడా రిమోట్ నా చేతిలోంచి లాక్కోలేదు. నేను మొదట్లో పడవని రెల్లులో దూర్చాను, బాతుల్ని పరుగెత్తించాను. సవతితో కాపురం అంత తేలికా!

నిన్న సీజన్ ఆఖరి పందెం. ఇన్నాళ్ళూ అందరినీ పరీక్షించిన దాన్ని కదా, నాకేంటిలే అన్న ధీమాతో, టేపు లేకుండానే పడవ పట్టుకుని నీళ్ళ దగ్గరికి నడిచాను. వెనకాల విజిల్ మోగింది. నా విజిల్, నా మీదే!

"ఏమండీ, నేనేనండీ" అన్నాను.

"పడవకి ఆ సంగతి తెలీదు. పక్కకి తప్పుకో, వెనక లైను ఉంది" అన్నారు, అందరికీ వినపడేలా. ఎన్నాళ్ళనుంచి దాచుకున్నారో ఆ మాట! లైను చివరికి పోయి నిలబడ్డాను. రిమోట్‌లో బ్యాటరీ కూడా మార్పించారు. ఇప్పుడు అది కూడా రూలు.

ఆఖరి చుట్టులో నేనూ డాక్టరు గారూ పక్కపక్కనే ఉన్నాం. మలుపు దగ్గర ఆయన వేగం తగ్గించారు, నేను తగ్గించలేదు. ఎందుకు తగ్గించాలి? చెయ్యి తీసేస్తే ఆగే పడవ నాది, నాకు దేనికి భయం? పడవ మూతి పొడవంత తేడాతో గెలిచాను. మీ అన్నయ్య మళ్ళీ గెంతారు, ఈసారి విజిల్ నోట్లోనే ఉంది, ప్రతి గెంతుకీ ఒక కూత. కప్పు తెచ్చి అలమరాలో నా సొట్ట డబ్బా పక్కనే పెట్టాను. రెండూ ఒకదానికొకటి బాగా నప్పాయి.

వచ్చే సీజన్ మొదటి పందేనికి సెలవు పెట్టుకుని రా. నీ కోసం పసుపు డ్రెస్సు కుడుతున్నాను. మీ అన్నయ్య ఇప్పటినుంచే దారి చూస్తున్నారు. వస్తే మాత్రం తాడు వెనకాలే నిలబడాలి. ముందే చెప్తున్నాను, మరదలివని చూడం.

నీ
వదిన